అక్క పెట్టిన పథ్యం

14 ఏప్రిల్ 2025

ఎండ. గాలి లేదు. ట్రాక్టర్ ఇంజన్ ఆయిల్ మార్చినాను.

దిగుతుంటే ఎడమ చెప్పు ఊడిపోయింది, నాకు తెలియలేదు. పక్కింటి గంగక్క చూసి, ఏమప్పా కుళ్లాయప్పా, చెప్పు ఆడుండాది, నువ్వు ఈడుండావు అని నవ్వింది. నేనూ నవ్వినాను. అరికాలు మొద్దుబారిందని చెప్పలేదు.

ఫిబ్రవరిలో బెంగళూరులో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. పొట్ట కోసి చిన్నది చేసినారు. బరువు తగ్గింది, షుగర్ తగ్గింది. వాంతులు మాత్రం ఆగడం లేదు.

20 ఏప్రిల్

పొద్దున గంజి. మధ్యాహ్నం గంజి. అక్క పథ్యం. లోపల పచ్చిపుండు ఉండాది, పప్పు తింటే చీము పడతాది అంటుంది. గుడ్డు ఊసే ఎత్తకూడదు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన విటమిన్ మాత్రలు వేడి చేస్తాయని అటక ఎక్కించింది. నా భార్య జయంతి, ఆస్పత్రి కాగితంలో అట్ల రాయలేదు వదినా అన్నది. పుండు కాగితానికుండాదా, నా తమ్మునికుండాదా అని అక్క కసిరింది. అమ్మ పోయినాక నన్ను పెంచింది అక్కే. జయంతి నా వైపు చూసింది. నేను గంజి గిన్నె ఎత్తినాను. తాగినాను. కక్కినాను.

29 ఏప్రిల్

క్లచ్ మీద కాలుందో లేదో వంగి చూసుకున్నాను.

7 మే, అనంతపురం

నిన్న గడప దాటుతూ పడినాను. ఎడమ పాదం పైకి లేవడం లేదు, నేలకు రాసుకుంటోంది. కుడిది కొంచెం నయం. జయంతి నరాల డాక్టరు దగ్గరికి తెచ్చింది. డాక్టర్ గౌతమి. ఏం తింటున్నారని అడిగింది. జయంతి అంతా చెప్పింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. చిన్న పొట్ట, ఆగని వాంతులు, పైన ఉత్త తెల్లన్నం గంజి. బి వన్, బి ట్వెల్వ్ లేక నరాలు దెబ్బతిన్నాయన్నది. ఇంకా ఆలస్యమైతే చూపు, బుద్ధి కూడా చెడేవట. వెంటనే అడ్మిట్, ఇంజెక్షన్లు. నరం మెల్లగా బాగుపడుతుంది, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేనన్నది. వానకు చెనిక్కాయ విత్తాల, ట్రాక్టర్ నడపాల అన్నాను. ముందు మీరు నడవండి అన్నది.

నడుస్తాను. విత్తుతాను కూడా. ఈ ఏడు నా చేన్లో వేరేవాడు ట్రాక్టర్ ఎక్కడు.

18 మే

ఇంటికి వచ్చినాము. వాంతులు ఆగినాయి. పాదం వాలకుండా ప్లాస్టిక్ పట్టీ వేసినారు. జయంతి పప్పన్నం, గుడ్డు పెట్టింది. అక్క గిన్నె లాక్కుని, సచ్చిపోదామనుకుంటాండావా అని అరిచింది. డాక్టరమ్మ తినమన్నది అన్నాను. ఎందుకు తినమన్నదో చెప్పలేదు. గిన్నె తిరిగి లాక్కుని తిన్నాను. అక్క లేచి పోయింది.

2 జూన్

అక్క మా ఇంటికి రావడం లేదు. కాలివేళ్లతో టవల్ లాగే వ్యాయామం చేస్తున్నాను. ఒకటే మంట. నరం మేలుకుంటే మంట ఉంటుందట. మండనీ.

11 జూన్

జయంతి ఆగలేక అక్కకు గంజి సంగతి చెప్పేసింది. సాయంత్రం అక్క వచ్చి గడప మీద కూర్చుంది. నీ కాళ్లు నేనే తీసినానా అన్నది. ఆకలిగా ఉంది, గుడ్డు ఉడకబెట్టక్కా అన్నాను. అక్క లేచి పొయ్యి అంటించింది.

25 జూన్

ఇప్పుడు అక్కది కొత్త పథ్యం. పప్పు, గుడ్డు, పాలు, ఉలవలు. మాత్ర మింగి నోరు తెరిచి చూపాల. నాలుక ఎత్తు, ఆ మూల చూపించు అంటుంది. గంజే నయమని మీ తమ్ముడు అంటాండాడు వదినా అని జయంతి. నేను అనలేదు. ఇంజెక్షన్‌కు కదిరి ఆస్పత్రికి నా వెంట అక్కే వస్తోంది. ఇంకా పెద్ద సూది లేదామ్మా అని నర్సును అడిగింది.

8 జూలై

పాదం లేస్తోంది. అరికాలికి తాకిడి తెలిసేదాకా క్లచ్ ముట్టొద్దని డాక్టరమ్మ మాట. ఊరంతా మబ్బు వైపు చూస్తోంది. వాన ఇంకొన్నాళ్లు రాకుంటే మేలని నాకుంది. ఎవరితో అనగలను.

27 జూలై

రాత్రి వాన. నేల విత్తడానికి మంచి పదును. అక్క ట్రాక్టర్‌కు అడ్డం నిలబడి కళ్లు మూసుకోమన్నది. పుల్లతో అరికాలు గీకి, యాడ అన్నది. మడమ. ఇప్పుడు? బొటనవేలు. ఇప్పుడు? తెలియలేదన్నాను. చిటికెనవేలట. దాంతో తొక్కుతావా క్లచ్చు, ఎక్కు అన్నది.

పెద్ద చేను విత్తడం అయిపోయింది. ట్రాక్టర్‌కు కట్టిన విత్తే గొర్రు విప్పి, కడిగి పెట్టి, అక్క ముందర మాత్ర మింగి నోరు తెరిచినాను.