పాల లారీ వచ్చిన దారి

విస్కాన్సిన్, జూన్ 6

తమ్ముడూ ఆర్లిన్,

నీ కాగితం అందింది. శనివారం మీ సైకిల్ యాత్ర మన ఇంటి ముందు నుంచే వెళ్తుందనీ, ఆ రోజు పొలంలో పేడ చల్లొద్దనీ, ట్రాక్టరు రోడ్డెక్కించొద్దనీ అచ్చు వేయించావు. ఊళ్ళో అందరికీ పంపిన అచ్చుకాగితమే నాకూ పంపావు. సొంత అన్నకి చేత్తో నాలుగు ముక్కలు రాయడానికి తీరిక లేకపోయిందా?

పోయినేడు మీ సైకిళ్ళవాళ్ళు మన ఎర్ర కొట్టం ముందు ఆగి ఫొటోలు తీసుకున్నారు. ఒకావిడ, "ఎంత ప్రశాంతంగా ఉందండీ! ఇటు కార్లే రావా?" అంది.

"రావడానికి ఎవరు మిగిలారమ్మా?" అన్నాను. హాస్యమనుకుని పకపకా నవ్వింది.

ఈ కొండల మధ్య పదకొండు ఇళ్ళలో పాడి ఉండేది. తెల్లవారకముందే పాల లారీ, ఏడింటికి స్కూలు బస్సు వచ్చేవి. ఆ బస్సు వెంట రోజూ పరిగెత్తింది నువ్వే. బడికెళ్ళే పిల్లలున్న ఆఖరి ఇల్లు, టోలెఫ్‌సన్ వాళ్ళు కూడా పొలం అమ్ముకుని పోయాక బస్సు రావడం మానేసింది. దాన్నే నువ్వు ఆ కాగితంలో "వాహనాల బెడద లేని దారి" అని గొప్పగా వేసుకున్నావు.

పేడ గురించి బెంగపెట్టుకోకు. మంగళవారం ఆవులన్నిటినీ అమ్మేశాను. నాన్నే పేరు పెట్టిన ముసలి ఆవు లారీ ఎక్కనని గంటసేపు మొరాయించింది.

శనివారం పదింటికి మాత్రం ఒక్క లారీ వస్తుంది, కొట్టంలోని పాల ట్యాంకు విప్పి పట్టుకుపోవడానికి. మీవాళ్ళని కాసేపు పక్కకి తప్పుకోమను. అది వెళ్ళిపోయాక నీ కాగితంలో రాసిందంతా నిజమే అవుతుంది.

నీ అన్న