మొదటి గ్లాసు

బుజ్జమ్మా,

నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, బెంగపెట్టుకోకు. ఇక్కడి థర్మల్ ప్లాంటు బొగ్గు బూడిద చెరువును మూసేసే పని పూర్తయింది. పైన మట్టి కప్పేసి ఊరుకుందామన్నారు గానీ, అడుగు బూడిద భూగర్భజలంలో నానుతోందని నేను పట్టుబట్టి మొత్తం తవ్వి తీయించాను. అప్పట్నుంచీ పక్క వీధి బావుల నీళ్లు పరీక్షిస్తూనే ఉన్నాం. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలి బావికీ ఇన్నాళ్లూ మూతే.

ఆఖరి పరీక్షలోనూ నీళ్లు బాగున్నాయని తేలింది. ఇక నిక్షేపంగా తాగొచ్చని నిన్న ఆవిడకు చెప్పాను. ఆవిడ ఓ గ్లాసు నిండా తోడి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కాగితాలదేముంది బాబుగారూ, ముందు మీరు కానివ్వండి. రేపు పొద్దున మీరు లేచి తిరుగుతుంటే నేనూ తాగుతాను" అంది.

గటగటా తాగేశాను. "మరి తెల్లారేదాకా ఆగుతారా?" అనడిగాను.

"మీ మొహం చూశాక ఇంకెందుకు లెండి" అని తనూ ఓ గ్లాసు తాగింది.

మీ అమ్మ పోయాక నన్ను ముందు రుచి చూడమన్న మనిషి ఈవిడే.

మేడమీద ట్యాంకు కారడం ఆగిందా? నా పాత కళ్లజోడు అలమరలో ఉంటుంది, తీసి ఉంచు. అల్లుడికి నా ఆశీస్సులు. వచ్చే వారం వస్తున్నాను. అన్నీ వడ్డించేశాక పిలవకు. కూర దించకముందే, మీ అమ్మలాగా, ఉప్పు చూడమని వంటింట్లోకి పిలువు.

మీ నాన్న