స్మార్ట్ బోర్డు మీద గీతలు

అమ్మా హన్నా,

మేడ్చల్‌లో మాకు శిక్షణ ఇస్తూ, "భయపడకుండ ముట్టుకోండి టీచర్, ఏం గాదు" అన్నావు. సోమవారం ముట్టుకున్నాను. ముప్పై ఏళ్ల అలవాటు కదా, చార్టులు రాసే మార్కర్‌తో కొత్త స్మార్ట్ బోర్డు మీద తేదీ వేసేశాను. చెరగకపోయేసరికి కంగారుపడి, వంటామె గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్దాను. తెరంతా గీతలు పడ్డాయి.

ఆ రోజు బోర్డు తుడిచే వంతు ఏడో తరగతి నవ్యశ్రీది. హెడ్మాస్టరు ఆ పిల్లనే అనుమానించి, శుక్రవారం వాళ్ల నాయినను తీసుకురమ్మన్నారు. "నేను జెయ్యలే సార్" అని ఏడ్చింది. పక్కనే ఉండి నేను నోరు విప్పలేదు.

యంత్రమే పాడైందని నీచేత చెప్పిద్దామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వద్దు. శుక్రవారం బడిగంటకు ముందే శామీర్‌పేట రా. నేను నిజం చెప్పేటప్పుడు పక్కన నిలబడు.

నేను రుద్దుతుంటే నవ్యశ్రీ చూసింది. అంత ఏడుస్తూ కూడా నా పేరు చెప్పలేదు.

మీ టీచర్