భోంగా

11 జనవరి 1987, ఆదివారం. మందమర్రి

నిన్న క్లబ్బులో మా బ్యాండ్ ప్రోగ్రాం. మధ్యలో ఎవరూ లేచిపోలేదు. సంతోషించడానికి అదొక్కటే ఉంది.

బ్యాండ్‌కు ‘ఓపెన్ కాస్ట్’ అని, పైనుంచే తవ్వే బొగ్గు గనుల పేరు పెట్టింది నేను. గిటార్ నాది, ఆంప్లిఫయర్ నాది, పాటలు నావి. పాటలంటే పాడుకునేవి కాదు. సినిమా పాట ఒక్కటి కూడా వాయించకూడదని నా రూల్. మాటలుండవు, పల్లవి ఉండదు. గిటార్‌ను ఆంప్ ముందుకు పట్టుకుపోతే ఫీడ్‌బ్యాక్ మొదలవుతుంది. అది అరిచి అరిచి తనంతట తానే ఒక స్వరం మీద వచ్చి నిలబడుతుంది. సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు క్యాసెట్లు తెచ్చుకుని, అరిగిపోయేదాకా విని నేర్చుకున్నాను. ఈ జిల్లా మొత్తంలో ఇలాంటిది చేసేవాడు ఇంకొకడు లేడు. కావాలని అడిగినవాడు కూడా లేడు, అది వేరే సంగతి.

ప్రోగ్రాం సగం దాటాక ముందు వరసలోంచి క్లబ్బు సెక్రటరీ కైలాసం సారు లేచి, మైకు చెకింగ్ అయిపాయెనా జనార్దన్, పాటలు ఎప్పుడు షురూ చేస్తరు అని అడిగారు. హాలంతా నవ్వు. మా డ్రమ్మర్ దేవదాస్ కూడా నవ్వాడు. వాడు నవ్వింది నేను చూశాను.

వేములవాడ పక్కన మా ఊళ్లో పొలం చూసుకోనన్నందుకు బాపు నన్ను ఇక్కడ అక్క దగ్గరికి పంపాడు. బావ గనుల్లో ఇంజనీరు, ఏదో ఒక ఉద్యోగం చూస్తాడని. బావ చూస్తూనే ఉన్నాడు. నేను బ్యాండ్ చూసుకుంటున్నాను.

25 జనవరి, ఆదివారం

దేవదాస్ వాళ్ల క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో మా ప్రాక్టీస్. వాళ్ల నాన్న గట్టయ్య గని లోపల పంపు దగ్గర పని చేస్తాడు. అమ్మ సారక్క మా మోతను పట్టించుకోదు. షెడ్డు పక్కనే అంట్లు తోముకుంటూ ఉంటుంది, ఒక్కనాడు కూడా తల తిప్పి చూడలేదు.

ఇవాళ బేస్ వాయించే పర్శరాములు ఒకణ్ని వెంటబెట్టుకొచ్చాడు. పేరు కొండల్, కాగజ్‌నగర్ వాడు. తండ్రికి అక్కడి పేపర్ మిల్లులో పని. తువ్వాలలో చుట్టిన బెంజో ఒకటి పట్టుకొచ్చాడు. బల్ల మీద పెట్టి మీటలు నొక్కుతూ వాయిస్తారే, బారాత్‌లలో, అదే.

మాది రాక్ బ్యాండ్ తమ్మీ అని నవ్వాను. వాడు నొచ్చుకోలేదు. పాత ఫోన్ రిసీవర్‌లోని మైకు పీకి దానికి అతికించుకున్నాడట. అన్నా, జర గా వైరు నా దాంట్ల పెట్టి చూడు, నచ్చకుంటే పోత అన్నాడు. పెట్టాను. వాడు మీటలు ముట్టుకోలేదు. చాయ్ తాగిన స్టీలు గ్లాసును తీగల మీద పెట్టి మెల్లగా జరిపాడు.

నా నవ్వు ఆగిపోయింది.

26 జనవరి

అది బెంజో. పెళ్లిళ్లలో వాయించే బెంజో. అంతే.

15 ఫిబ్రవరి, ఆదివారం

తీసుకున్నాం. తీసుకోవద్దని నేను చెప్పేలోపే దేవదాస్ వాడికి స్టూల్ వేశాడు.

వాడి సౌండ్ ఎలా ఉంటుందో రాయాలంటే కష్టం. ఏడుస్తున్నట్టు ఉంటుంది కానీ ఏడుపు కాదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారంతా వినిపిస్తుంది. నేను రెండేళ్లుగా గిటార్‌తో వెతుకుతున్నది సరిగ్గా అదే. వాడు చాయ్ గ్లాసుతో పట్టేశాడు.

ఎన్నిసార్లు చెప్పినా నా పాటకు బీట్ తగ్గించని దేవదాస్, వాడు మొదలుపెట్టగానే స్టిక్స్ పక్కన పెట్టి వేళ్లతో వాయించాడు. పర్శరాములైతే బేస్ ఒళ్లో పెట్టుకుని నోరు తెరుచుకుని కూర్చున్నాడు. వాళ్లు చూడకుండా ఆంప్ మీద వాడి వాల్యూమ్ కొంచెం తిప్పాను. కిందికి. వాడు ఆగి, అన్నా, నా ఒక్కనికే కరెంట్ పోయిందా ఏంది అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వవలసి వచ్చింది.

14 మార్చి, శనివారం. కరీంనగర్

కాలేజీ యానివర్సరీలో ప్రోగ్రాం. చప్పట్లు బాగా వచ్చాయి. ఎవరికి వచ్చాయో రాయను.

అయిపోయాక ఒక అమ్మాయి ఆటోగ్రాఫ్ బుక్ పట్టుకుని స్టేజీ వెనక్కి వచ్చింది. నేను జేబులోంచి పెన్ను తీశాను. ఆమె థాంక్సండీ అని ఆ పెన్ను తీసుకుని కొండల్‌కు ఇచ్చింది. వాడు సంతకం పెడుతున్నంతసేపు పెన్ను మూత నా చేతిలో ఉంది.

బస్సులో వాడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. తోసేయడానికి కూడా లేదు, మంచివాడు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేది.

2 ఏప్రిల్

అక్క పోపు వేస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. విన్నాను. వాడిది.

వాడు వాయిస్తే కండ్లల్ల నీళ్లొస్తయి తమ్మీ అంది. మరి నాది వింటేనో అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. నీది గూడ మంచిగనే ఉంటది గని జర తల నొస్తది అంది. నా సొంత అక్క. సరళాదేవి అని పేరు పెట్టినవాళ్లను అనాలి. అన్నం తినకుండా లేచాను. బావ నా వాటా చేపముక్క కూడా తీసుకున్నాడు.

19 ఏప్రిల్, ఆదివారం

మేడే నాడు గ్రౌండ్‌లో మా ప్రోగ్రాం ఖాయమైంది. టౌన్ మొత్తం వస్తుంది. మొదట నా సోలో. చివరికి కొండల్ కొత్త పాట. పేరు ‘భోంగా’ అన్నాడు.

అదేం పేరు అని అడిగాను. మా దిక్కు మిల్లు సైరన్‌ను భోంగా అంటరన్నా, భోంగా అయిందంటే మా బాపు సైకిలేసుకొని ఇంటికొస్తున్నట్టే, అవ్వ పెంక మీద రొట్టె ఏస్తది, మేం పోరగాండ్లం రోడ్డు మీదికి ఉరుకుతుంటిమి అన్నాడు. చెబుతుంటే ముఖం వెలిగిపోయింది. డ్రమ్స్ లేకుండా ఒక్కడే మొదలుపెట్టాలట. గ్లాసును కింది నుంచి పైకి జరుపుతూ పోయి, అక్కడే చాలాసేపు ఆపి, వదులుతాడు. దేవదాస్, పర్శరాములు చాయ్ తాగడానికి పోయినప్పుడు నాకొక్కడికే వినిపించాడు.

వాడు ఆపేసరికి సారక్క షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. చేతుల నిండా బూడిద. సారూ, కూత గిట్ల అయిందా అని అడిగింది. ఇక్కడ సైరన్‌ను కూత అంటారు. షిఫ్టు మారే వేళకు కూస్తే ఎవరూ పట్టించుకోరు. వేళగాని వేళ కూసిందంటే లోపల ఏదో అయిందని అర్థం, ఉన్నవాళ్లు ఉన్నట్టే గని దగ్గరికి పరుగెత్తుతారు. కొండల్‌కు ఇది తెలియదు. వాడి ఊళ్లో సైరన్ అంటే రొట్టె.

ఏం లేదు సారక్కా, పో అన్నాను. పోయింది. ఏమడిగింది అన్నా అని కొండల్ అడిగితే చాయ్ కావాలేమో అడిగింది అన్నాను.

ఒకటే ఆలోచన. ఇన్నాళ్లుగా నేను ఆ షెడ్డులో ఆంప్ పగిలేలా వాయించాను. ఆమె అంట్లు వదిలి రాలేదు.

24 ఏప్రిల్

కొండల్‌కు చెప్పాలి. రేపు చెబుతాను.

30 ఏప్రిల్

వాడు అడగలేదు. అడిగితే చెప్పేవాణ్నే. అయినా ప్రతిదీ నేనే చెప్పాలా? ఇక్కడే పుట్టిన దేవదాస్ వింటూనే ఉన్నాడు కదా, వాడికి తెలియదా? షెడ్డులో వాడెప్పుడూ డ్రమ్స్ మోత మధ్యలోనే విన్నాడు, నిజమే. అయితే మాత్రం?

1 మే, శుక్రవారం

వరసగా రాస్తాను.

పొద్దు గుంకే వేళకు గ్రౌండ్ నిండింది. స్తంభాలకు హారన్ స్పీకర్లు కట్టారు. రెండో షిఫ్టు వాళ్లు గనిలో ఉన్నారు, వాళ్ల ఇళ్లవాళ్లంతా ఇక్కడ. నా సోలో బాగా వచ్చింది. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. జనం పల్లీలు తిన్నారు.

తర్వాత కొండల్. స్టూల్ మీద కూర్చుని, కళ్లు మూసుకుని, గ్లాసు జరిపాడు. షెడ్డులో విన్నది వేరు, ఆ హారన్‌లలోంచి వచ్చింది వేరు. సన్నగా లేచి, పైకి పైకి పోయి, ఊరి నెత్తిన నిలబడింది.

మొదట అనసూర్య లేచింది, మా వీధి ఆవిడే, ఆమె భర్త రెండో షిఫ్టు. చంకలో పిల్ల ఉంది. ఆమె లేవడం చూసి పక్కనామె. అంతే, గ్రౌండ్ మొత్తం లేచింది. ఎవరూ అరవలేదు. నేను అరుపులు ఉంటాయనుకున్నాను. ఉత్త కాళ్ల చప్పుడు. కుర్చీలు పడిపోయాయి, చెప్పులు వదిలేశారు, గేటు దగ్గర సారక్క కింద పడింది, ఆమె మీద నుంచి ఇద్దరు ముగ్గురు దాటారు. దేవదాస్ స్టేజీ మీదే ఉన్నాడు, ఆ సౌండ్ ఎక్కడి నుంచి వస్తోందో కళ్లారా చూస్తున్నాడు. వాడు కూడా డ్రమ్స్ తన్నుకుంటూ దూకి, బాపూ అని పరుగెత్తాడు.

కొండల్ కళ్లు తెరిచేసరికి ఎదురుగా మనుషుల్లేరు. ఏమైందన్నా, అందరు ఎటు పోయిండ్రు అని నన్ను అడిగాడు. పెదాలు తెల్లబడ్డాయి.

నాలో ఆ క్షణంలో ఉన్నది భయం కాదు, జాలి కాదు. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. కుళ్లు. పచ్చి కుళ్లు. నేను ఎన్ని జన్మలు వాయిస్తే ఇంతమందిని కుర్చీల్లోంచి లేపగలను?

2 మే

కొండల్‌ను కొడతారనుకున్నాను. టౌన్ నుంచి తరిమేస్తారనుకున్నాను. కొడితే అడ్డం పోవాలని కూడా నిర్ణయించుకున్నాను, ఒకటి రెండు దెబ్బలు పడ్డాక.

జరిగింది ఇది. ఏమీ కాలేదని బావ, ఇంకా పెద్దవాళ్లు ఎంత చెప్పినా జనం గని దగ్గర నుంచి కదలలేదట. మా మనుషులను చూపెట్టుండ్రి అన్నారట. లోపలికి ఫోన్ చేసి కొందరిని పైకి రప్పించారు. అందులో గట్టయ్య ఉన్నాడు. పైకి వచ్చి చూస్తే వేలమంది. సారక్క విరిగిన మణికట్టును కొంగులో చుట్టుకుని ముందు నిలబడి ఉంది.

పొద్దున్నే కొండల్ వాళ్లింటికి పోయి సారక్క కాళ్ల మీద పడ్డాడు. గట్టయ్య వాణ్ని లేపి కూర్చోబెట్టాడట. నేను సచ్చిపోతే ఎంతమంది ఉరికొస్తరో బతికుండంగనే చూపెట్టినవు బిడ్డా అని వాడి తల నిమిరాడట. సారక్క ఎడమ చేత్తో చాయ్ పోసి ఇచ్చిందట.

చెయ్యి విరగ్గొట్టినవాడికి కూడా చాయ్.

10 మే, ఆదివారం

షెడ్డుకు పోయాను. ముగ్గురూ ఉన్నారు. ఎవరూ వాయించడం లేదు.

దేవదాస్ నా ముఖం చూడకుండా అడిగాడు. మా అవ్వ చెప్పింది, ఆ దినం తను షెడ్డుకొచ్చి కూత అయిందా అని అడిగిందట గద, నీకు ఎర్కనే గద అన్నా అన్నాడు. ఏ దినం అన్నాను.

కొండల్ తిడితే బాగుండేది. వాడు తీగలు తుడుచుకుంటూ, ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదన్నా, వేరే పాట కొడుతుంటిమి అన్నాడు. భోంగా ఇక జన్మలో వాయించడట. నేను దేనికోసమైతే చచ్చిపోతున్నానో దాన్ని వాడు పాత చొక్కాలా విడిచేశాడు.

ఇకనుంచి వాళ్లు ముగ్గురూ బెల్లంపల్లిలో ప్రాక్టీస్ చేసుకుంటారట. బ్యాండ్ పేరు నాదే కాబట్టి నన్నే ఉంచుకోమన్నారు. ఆంప్ రిక్షాలో పెట్టడానికి పర్శరాములు సాయం పట్టాడు.

11 మే

ఓపెన్ కాస్ట్ పూర్తిగా నాది. బేస్ లేదు, డ్రమ్స్ లేవు.

21 జూన్

అక్కకు తెలియకుండా వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను. కరీంనగర్ నుంచి బెంజో తెప్పించాను. ఫోన్ రిసీవర్ బావ ఆఫీసు చెత్తలో దొరికింది.

రావడం లేదు.

19 జూలై

ముగ్గురూ నిర్మల్‌లో వాయించారట, జనం వన్స్ మోర్ అన్నారట. అక్క చెప్పింది. నేను అడగలేదు, ఆమే చెప్పింది. తలుపు వేసుకుని పొద్దుగూకేదాకా గ్లాసు జరిపాను. వేళ్లు కోసుకుపోయాయి.

9 ఆగస్టు, ఆదివారం. సాయంత్రం

వచ్చింది. అదే సౌండ్. అదే ఎత్తు, అంతే సేపు.

కిటికీ తెరిచి, ఆంప్‌ను వీధి వైపు తిప్పి, ఫుల్ వాల్యూమ్ పెట్టి వాయించాను. రెండో షిఫ్టు నడుస్తోంది. నల్లా దగ్గర ఆడవాళ్లు ఉన్నారు, అనసూర్య కూడా ఉంది. ఎవరూ కదల్లేదు. వాళ్లలో శంకరవ్వ మాత్రం బిందె పక్కకు జరిపి, మోటర్ గిట్ల ఖరాబైందా సారూ అని అడిగింది.

మళ్లీ వాయించాను. ఈసారి ఆమె కూడా చూడలేదు.