మూడో పట్టీ

11 నవంబర్ 1994, శుక్రవారం

పొద్దుట్నుంచి ముసురు. ఇంటి ముందు లారీని జాకీతో లేపి, ఛాసిస్ కింద కొయ్య దిమ్మెలు పెట్టాను. యూ బోల్టులు విప్పి వెనక ఎడమవైపు కమాను కట్టను దించేసరికి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మధ్యాహ్నం సైరన్ మోగింది. కట్టలో ఒకదాని మీద ఒకటి మొత్తం ఎనిమిది ఉక్కు పట్టీలు. వరస తప్పకుండా నా భార్య మంగళ వాటి అంచుల మీద సుద్దముక్కతో నెంబర్లు వేసింది. సాయంత్రం వాళ్ల నాయన కాటయ్య మామ గూడూరు నుంచి దిగాడు. నలభై ఏళ్లు కమాన్లు కట్టిన మనిషి.

12, శనివారం

వాన లేదు. ఎండ పాలలాగా తెల్లగా ఉంది.

కట్టకు అటూ ఇటూ క్లాంపులు బిగించాకే నడిమి బోల్టు విప్పాలి. లేకపోతే పట్టీలు ఎగిరి మొహం పగలగొడతాయి. నాకిది నేర్పింది మామే. ఇవాళ ఆయనే క్లాంపులు మరిచి బోల్టుకు స్పానర్ వేశాడు. మంగళ ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. ఏం నాయనా, మా ఆయన మొహం నీకు నచ్చలేదా అని నవ్వింది. పట్టు మాత్రం వదల్లేదు. మామ నవ్వలేదు.

సాయంత్రం 4

క్లాంపులు వేసి, తర్వాత కొద్దికొద్దిగా వదులు చేస్తూ నేనే విప్పాను. తుప్పు గీకాం. మామ ఒక్కో పట్టీని తాడుకు వేలాడదీసి సుత్తితో తట్టాడు. వీధంతా నీళ్ల అడుగున ఉన్నట్టు, ఆ మోత ఎంతకీ ఆగలేదు. మూడోదాన్ని తట్టి, చెవి దగ్గర పెట్టి, మళ్లీ తట్టాడు. దీంట్లో పగులుండాది అల్లుడా, బండిని ఈడ్నే ఆపేయ్, లోడెక్కించొద్దు అన్నాడు. నాకు మోతలో తేడా తెలియలేదు. కంటికి గీతా కనబడలేదు. సోమవారం రేణిగుంటకు సిమెంటు లోడుంది. క్లాంపులే మరిచిపోయావు, చెవొక్కటి బాగుందా మామా అన్నాను.

అనకుండా ఉండాల్సింది.

13, ఆదివారం

మామ నాకంటే ముందే అన్నం తిని లేచిపోయాడు. మంగళ నా కంచం పెట్టి అటు తిరిగిపోయింది.

మధ్యాహ్నం కునుకులో పట్టీలు వాటంతటవే మోగాయి. లేచి చూస్తే రేకుల మీద వాన. వసారాలో మామ మూడో పట్టీకి కిరసనాయిలు పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లుతున్నాడు. పగులుంటే లోపల దిగిన నూనె సుద్ద మీదికి తేలుతుందట. రేపు పొద్దున నువ్వే చూసుకోప్పా అన్నాడు. నా వైపు చూడలేదు.

14, సోమవారం, ఉదయం 6

సుద్ద మీద వెంట్రుకంత తడి గీత.

మామ ఐదుంపావు బస్సుకే వెళ్లిపోయాడు.