బొంతకి అడుగుగుడ్డ

దయావతీ,

పుట్టబోయే బిడ్డ బొంతకి అడుగున వేయడానికి నా పాత పంచెలు రెండు ఉతికి దండెం మీద వేశాను. బాగా నలిగి మెత్తబడ్డాయి. ఆరాక అంచులు కలిపి కుట్టు. అతుకు మధ్యకి రానీకు, బిడ్డ వీపుకి ఒత్తుకుంటుంది. నాలుగు పక్కలా బెత్తెడు ఎక్కువ ఉంచితే పైకి మడిచి కుట్టొచ్చు.

నేను సంతలో తెచ్చిన కొత్త గుడ్డ గరుకని నాతో సెప్పొచ్చు కదా. నిన్న నీ పెళ్ళికోక సింపబోతుంటే చూశాను. అదేటి పనమ్మా? కోక మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను.

మీ అమ్మగారిని తీసుకురావడానికి మాకవరపాలెం వెళ్తున్నాను. సాయంత్రానికి వచ్చేస్తాం.

మీ మామ
తోమా

బిడ్డని మొదటిసారి గుడికి తీసుకెళ్ళే రోజు ఆ కోకే కట్టుకో. ఎప్పుడూ అనలేదు గాని, నీకు బాగుంటుంది.