మూడు ఫోన్లు, నీలం చొక్కా

మన చిగూ ఊరి చేపల చెరువుగట్ల మీద తనంత డ్రైవరు లేడనుకునే నాన్నగారికి,
పెయ్-యున్ నమస్కరించి రాయునది.

నిన్న కావ్‌షుంగ్ మార్కెట్‌కి చేపలు తీసుకెళ్తూ దారిలో మీ ఫోను ఎత్తలేదు. దానికి ఇంట్లో తలా ఒక అర్థం తీశారు. అమ్మ నేను అలిగాననుకుంది. నాన్నమ్మ నాకెవడో దొరికాడంది. కాలేజీ చదువు తలకెక్కిందని మీరు తేల్చారు. పిల్ల వ్యాను నడుపుతోందేమోనని మాత్రం ఒక్కరికీ తోచలేదు!

బండి కదిలేముందే దారి చూసుకుని, ఫోను నోరు నొక్కి వెనక ఐసుపెట్టెల మధ్య పెడతాను. పెట్రోలు బంకులో ఆగి నేనే చేస్తాను. ఇది పొగరైతే పొగరే.

ఇట్లు,
మీ కూతురు

తా.క. అన్నిసార్లు ఫోను చేసింది "తిన్నావా" అని అడగడానికా? తినలేదు. చేతులు స్టీరింగు మీదున్నాయి.

*

పెయ్-యున్‌ని దీవించి నాన్న రాయునది.

ఫోనులో మాట్లాడని పిల్లతో ఇంట్లో మాత్రం మాటలెందుకు? అందుకే ఈ కాగితం నీ వ్యాను వైపరు కింద పెడుతున్నాను.

ముప్ఫై ఏళ్ళుగా ఒక చేత స్టీరింగు, ఒక చేత ఫోను, బుగ్గన వక్క. నాకేమైంది? మార్కెట్లో పాలబొంత చేపల ధర గంటకోలా ఉంటుంది. ఎత్తని డ్రైవరు నాకెందుకు? మీ పెదనాన్న కొడుకు బోషెన్ మొదటి రింగుకే ఎత్తుతాడు. నెలాఖరుకి నీ తీరు మారకపోతే వ్యాను తాళం వాడిది.

అయినా నీ తప్పేం లేదులే. దేనికో జడుసుకుని ఉంటావు, సగం ప్రాణం దారిలో పడిపోయి ఉంటుంది. నీ నీలం చొక్కా మాజు అమ్మవారి గుడికి తీసుకెళ్ళాను. జడుపు తీసే ముసలమ్మ ఆ చొక్కాకి ధూపం వేసి నీ ప్రాణాన్ని వెనక్కి పిలుస్తోంది.

ఆశీస్సులతో,
నాన్న

తా.క. నీ బండికి ఫోను స్టాండు కొన్నాను. నా ట్రక్కులోలాగే మూడు ఫోన్లు పడతాయి. మిగతా రెండూ కొనుక్కో.

*

నాన్నగారికి సగం ప్రాణంతో పెయ్-యున్ రాయునది.

మీ స్టాండు బిగించి చూశాను. మూడు ఫోన్లకీ చోటుంది, రోడ్డుకే లేదు. ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని మాట్లాడమని అమ్మతో అన్నారట. చేతులు బండి నడుపుతుంటే బుర్ర మీతో చేపల బేరమాడుతుంది. ఎదురొచ్చే స్కూటరును ఎవరు చూస్తారు, చేపలా?

బోషెన్ మొదటి రింగుకే ఎత్తుతాడు, నిజమే. వాడి ముందుపళ్ళు ఎక్కడ రాలాయో పెద్దమ్మనడగండి.

ఇట్లు,
పెయ్-యున్

తా.క. ఆ చొక్కా ఉతకలేదు. పాపం, అమ్మవారే జడుసుకుని ఉంటుంది.

*

పెయ్-యున్‌కి నాన్న ఎడమచేత్తో రాయునది. వంకర అక్షరాలని నవ్వకు. కుడి మణికట్టుకి కట్టు కట్టారు.

నిన్న పాత ట్రక్కు నడుపుతూ నీకు ఫోను చేశాను, "ఇదిగో మాట్లాడుతూనే నడుపుతున్నా, చూడు" అని చెబుదామని. నువ్వెత్తలేదు. మళ్ళీ నొక్కుతుంటే రోడ్డు మలుపు తిరిగింది, నేను తిరగలేదు. పడింది సొంత చెరువులోనైతే పరువైనా దక్కేది. పక్కవాడి చెరువులో నడుములోతున నిలబడితే వాడి పాలబొంతలు నా చొక్కాలో దూరాయి. నువ్వు మొదటిసారే ఎత్తి ఉంటే ఇదంతా జరిగేదా? తప్పెవరిదో నువ్వే ఆలోచించు.

నీ నాన్న

తా.క. నా మూడు ఫోన్లూ చెరువులోనే ఉన్నాయి. ఒకటి మునిగాక కూడా కాసేపు మోగింది. బోషెన్ అట, బండి నడుపుతూ చేశాడు.

*

నాన్నగారికి పెయ్-యున్ రాయునది.

మీ బురద చొక్కా గుడికి తీసుకెళ్ళాను. ముసలమ్మ దాన్ని ముట్టుకోనైనా లేదు. "చొక్కా నీది తెచ్చాడు గానీ, జడుపు తెచ్చినాయనదేనమ్మా," అంది. "ఆ మెట్లమీద కూర్చుని నీకు ఫోను చేస్తూనే ఉన్నాడు. నువ్వెత్తనప్పుడల్లా మొహం తెల్లబోయేది. ఏ లారీ కింద పడ్డావోనని."

ఆ ముక్క నాతో అనడానికి మూడు ఫోన్లు చాలలేదా మీకు?

వ్యాను తాళం, ట్రక్కు తాళం రెండూ తీసుకున్నాను. రేపటినుంచి వ్యాను, బాగయ్యాక ట్రక్కు, రెండూ నేనే నడుపుతాను. ధరలు కావాలంటే పక్కసీట్లో కూర్చుని మీరే ఫోనులో అడుక్కోండి. రాకపోతే, బంకులో ఆగినప్పుడు నేను చేస్తాను. దారిలో మోగితే ఎత్తను.

ఇట్లు,
పెయ్-యున్

తా.క. తిన్నాను. తాళాలు ఇవ్వను.